సీలర్ ఎన్నేళ్లు ఆగుతుందో ల్యాబ్‌లో ముందే ఎలా చెప్తారు?

మిర్యాలగూడ మిల్లు ఆవరణలో తారు మీద వేసే సీలర్‌కు (తారును కాపాడే పూతకు) అమ్మేవాళ్లు ల్యాబ్ రిపోర్టు చూపిస్తే నమ్మొచ్చా అని అడిగారు. సగమే నమ్మండి.

తారును గట్టిపరిచి పగుళ్లు తెచ్చేది ముఖ్యంగా ఆక్సిజన్, వేడి. అందుకే తారు నమూనాను సుమారు 100 డిగ్రీల వేడిలో, 2.1 మెగాపాస్కల్ (మామూలు గాలి ఒత్తిడికి సుమారు 20 రెట్లు) గాలి ఒత్తిడి కింద 20 గంటలు ఉంచుతారు. రోడ్డు మీద కొన్నేళ్లకు వచ్చే మార్పు అప్పుడే కనిపిస్తుంది. కానీ అందులో వెలుతురు ఉండదు! సీలర్ పలుచటి పొర, ఎండ దెబ్బంతా దానికే. ఎండలో ఉండే అతినీలలోహిత (యూవీ) కిరణాల దీపాలు, తడి మార్చి మార్చి పెట్టే వెదరింగ్ పరీక్ష కూడా చేశారా అని అడగండి.

అరుగుదలకైతే నీళ్లలో ఉంచిన నమూనాను రబ్బరు గొట్టంతో రుద్ది, తగ్గిన బరువు తూస్తారు. మే ఎండకు మెత్తబడిన తారు మీద ధాన్యం లారీ చక్రాలు మెలితిప్పే రాపిడి వేరు. ముందు గేటు దగ్గర కాస్త సీలర్ వేయించి, ఒక వేసవి చూడండి.