కొత్త కార్బ్యురేటర్ బిగించబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఏటీవీకి (బురదలో, మట్టిలో తిరిగే నాలుగు చక్రాల బండికి) కొత్త కార్బ్యురేటర్, అంటే గాలినీ పెట్రోల్‌నీ కలిపి ఇంజిన్‌కి పంపేది, తెప్పించావని, ఈ ఆదివారమే బిగించేస్తానని రాశావు. సంతోషం. బిగించడం ఒక పూట పని. ఓపిక కావలసింది ట్యూనింగ్‌కి. పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలే జెట్లు, వాటిని ఇంజిన్‌కి తగ్గట్టు ఎంచడమే జెట్టింగ్. డబ్బా మీద 'జెట్టింగ్ అయిపోయింది, పెట్టి నడపడమే' అని ఉన్నా నమ్మకు. నీ బండికి ఏ ఎయిర్ ఫిల్టర్ ఉందో, ఏ సైలెన్సర్ ఉందో, నువ్వు ఎంత ఎత్తు ప్రదేశంలో నడుపుతావో అది తయారు చేసినవాళ్లకి తెలియదు.

పాతది విప్పే ముందే ఇంజిన్ ఆరోగ్యం చూసుకో. కంప్రెషన్ సరిగా ఉందా, వాల్వ్ క్లియరెన్స్ పుస్తకంలో చెప్పినట్టే ఉందా, ఫిల్టర్ శుభ్రంగా ఉందా, ప్లగ్ బాగుందా అన్నవి ముందు తేల్చుకో. వాల్వ్ బిగుసుకుపోయిన ఇంజిన్‌కి జెట్లు మార్చుకుంటూ కూర్చుంటే రోజులు గడిచిపోతాయి తప్ప బండి బాగుపడదు. పాత కార్బ్యురేటర్‌లోని జెట్ నంబర్లు రాసిపెట్టుకో. కాకపోతే కంపెనీ మారితే నంబరు కొలత కూడా మారుతుంది. మికుని నంబరు, కెయిహిన్ నంబరు ఒకటే అనుకుని జెట్ కొనకు.

జపాన్ కార్బ్యురేటర్ల స్క్రూలు చూడటానికి మామూలు స్టార్ స్క్రూల్లాగే ఉంటాయి గానీ చాలావరకు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ పెడితే జారి తల అరిగిపోతుంది. ఆ రకం స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కో. జెట్లు ఇత్తడివి, వాటిని బలంగా బిగించొద్దు. కుదురుగా ఆనితే చాలు.

బిగించేటప్పుడు ఇంజిన్ వైపు రబ్బరు బూట్‌ని వంచి చూడు. సన్నని పగులు కనబడినా మార్చెయ్. అక్కడ దొంగగాలి దూరితే ఐడ్లింగ్ ఒకచోట నిలవదు, నువ్వేమో జెట్‌ని తిడతావు. నీ పెట్రోల్ కాక్ (ట్యాంక్ కింద ఉండే కుళాయి) ఇంజిన్ లాగే వాక్యూమ్‌తో తెరుచుకునే రకమైతే కొత్త కార్బ్యురేటర్‌కి ఆ గొట్టం తగిలించే చోటు ఉందో లేదో చూడు. లేకపోతే పెట్రోల్ కిందికి దిగదు. కార్బ్యురేటర్ గిన్నెకి గాలి ఆడనిచ్చే వెంట్ గొట్టాలు నలిగిపోకుండా, బురదలో మునగకుండా పైకి తీసి కట్టు. వెంట్ మూసుకుపోతే బండి కాసేపు బాగా నడిచి, తర్వాత పెట్రోల్ అందక ఆగిపోతుంది. చాలామంది ఈ గొట్టాన్ని పట్టించుకోరు.

స్లైడ్ (పైకి లేచి గాలి దారి తెరిచే ముక్క) విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. దాని అడుగున కోసినట్టున్న అంచు ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండాలి. తిప్పి పెడితే స్టార్ట్ చేయగానే ఇంజిన్ పూర్తి రేస్‌లోకి వెళ్లిపోతుంది. అందుకే స్టార్ట్ చేయకముందే బొటనవేలితో థ్రాటిల్ నొక్కి వదులు. 'టక్' మని వెనక్కి పడాలి. హ్యాండిల్‌ని ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి మళ్లీ చూడు. తిప్పినప్పుడు కేబుల్ లాగితే దాన్ని వేరే దారిలో వెయ్యాల్సిందే. యమహా బ్లాస్టర్, బాన్షీ లాంటి ఏటీవీల్లో థ్రాటిల్ ఇరుక్కుంటే ఇంజిన్ ఆపే ఏర్పాటు పాత కార్బ్యురేటర్‌లోనే ఉంటుంది. నీదీ అలాంటిదైతే కార్బ్యురేటర్‌తో పాటు ఆ రక్షణ కూడా పోతుంది. దాని బదులు చేతికి తాడుతో కట్టుకునే కిల్ స్విచ్ పెట్టించుకో. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు.

పెట్రోల్ తెరిచి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఓ పది నిమిషాలు ఆగు. ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి కారితే ఫ్లోట్ (గిన్నెలో తేలుతూ పెట్రోల్ మట్టం నిలిపే ముక్క) ఎత్తు తేడాగా ఉందని, లేదా ఫ్లోట్ సూది కింద చెత్త ఉందని అర్థం. ఇంజిన్ ఆయిల్‌లో పెట్రోల్ వాసన వస్తే ఆయిల్ మార్చేదాకా స్టార్ట్ చేయొద్దు. ఫ్లోట్ సరిచేయకుండా జెట్ల జోలికి పోకు, ఎందుకంటే గిన్నెలో పెట్రోల్ మట్టం తప్పితే అన్ని జెట్లూ తప్పుగానే కనబడతాయి.

ఇక ట్యూనింగ్. నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇక్కడే ఉంది. ఏ జెట్ పనిచేస్తోందో చెప్పేది థ్రాటిల్ ఎంత తెరిచావన్నదే. ఆర్‌పీఎమ్ చూసి తేల్చలేవు. ఐడ్లింగ్ నుంచి దాదాపు పావు వంతు దాకా పైలట్ జెట్, దాని స్క్రూ, స్లైడ్ కోత. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ (స్లైడ్‌కి వేలాడే సూది). ఆ పైన మెయిన్ జెట్. ఒకదాని పరిధి ఇంకోదానిలోకి కొంచెం చొచ్చుకొస్తుంది కూడా. థ్రాటిల్ లివర్ పక్కన టేప్ అంటించి పావు, సగం, ముప్పావు దగ్గర గీతలు పెట్టు. 'పికప్ లేదు' అంటే నాకేమీ తెలియదు. 'సగం గీత దగ్గర తడబడుతోంది' అంటే నీడిల్ చూడమని చెప్పగలను.

ఇంజిన్ బాగా వేడెక్కాకే ఏదైనా తేల్చుకో. చలిగా ఉన్నప్పుడు చోక్ లాగి స్టార్ట్ చేస్తూ థ్రాటిల్ నొక్కకు. చాలా కార్బ్యురేటర్లలో చోక్ అంటే రేకు మూత కాదు, పెట్రోల్ అదనంగా పంపే దారి. థ్రాటిల్ మూసి ఉంటేనే అది సరిగా పనిచేస్తుంది.

ముందు బండి నిలకడగా ఐడ్లింగ్‌లో ఉండేలా చేసుకో, అక్కడ మరీ పట్టుబట్టకు. తర్వాత మెయిన్ జెట్‌కి వెళ్లు. ఖాళీ నేల మీద, హెల్మెట్ పెట్టుకుని, కొత్త ప్లగ్‌తో పూర్తి థ్రాటిల్‌లో కాసేపు నడిపి, థ్రాటిల్ వదలకుండానే కిల్ స్విచ్‌తో ఆపు. ప్లగ్ తీసి చూడు. పింగాణీ తెల్లగా, కాలినట్టు ఉంటే లీన్ (పెట్రోల్ తక్కువ). నల్లటి మసి పడితే రిచ్ (పెట్రోల్ ఎక్కువ). లేత గోధుమ రంగు కావాలి. మొదటి పరుగుకి పెద్ద జెట్టే వెయ్. రిచ్‌గా నడిస్తే మహా అయితే ప్లగ్ పాడవుతుంది, పొగ వస్తుంది. పూర్తి థ్రాటిల్‌లో లీన్‌గా నడిస్తే పిస్టన్ కరిగిపోవచ్చు. ఈ రెండు నష్టాలూ సమానం కావు.

మెయిన్ కుదిరాక నీడిల్. నీడిల్ పై భాగంలోని గాళ్లలో ఉండే క్లిప్‌ని ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి రిచ్ అవుతుంది, పైకి జరిపితే లీన్. చాలామంది దీన్ని తిరగేసి గుర్తుపెట్టుకుంటారు.

చివరికి పైలట్. స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే రిచ్. ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, బయటికి తిప్పితే లీన్. మెల్లగా తిప్పుతూ ఇంజిన్ వేగం ఎక్కువగా, నున్నగా వినబడే చోట ఆపి, ఐడ్లింగ్ స్క్రూతో వేగం తగ్గించు. పెట్రోల్ స్క్రూ మూడు చుట్లకి మించి బయటికి పోతే పైలట్ జెట్ పెద్దది కావాలి, ఒక చుట్టు లోపే కుదిరితే చిన్నది కావాలి. గాలి స్క్రూకి ఈ లెక్క తిరగబడుతుంది. థ్రాటిల్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో పటపటా పేలితే పైలట్ లీన్ అయి ఉండొచ్చు, సైలెన్సర్ అతుకు దగ్గర లీక్ కూడా ఉండొచ్చు. అతుకే ముందు చూడు.

నీ పాతది సీవీ రకమై, కొత్తది ఫ్లాట్ స్లైడ్ అయితే నీ వేలి అలవాటు కూడా మారాలి. సీవీలో వాక్యూమ్ స్లైడ్‌ని తీరిగ్గా లేపుతుంది. ఫ్లాట్ స్లైడ్ నువ్వు నొక్కినంత వేగంగా లేస్తుంది, ఒక్కసారిగా నొక్కితే ఇంజిన్ ముక్కుతుంది. యాక్సిలరేటర్ పంప్ (థ్రాటిల్ నొక్కగానే అదనంగా పెట్రోల్ చిమ్మేది) ఉంటే అది ఎప్పుడు చిమ్ముతోందో సరిచూసుకో.

ఒకసారికి ఒక్క మార్పే చెయ్. జెట్ నంబరు, క్లిప్ గాడి, స్క్రూ చుట్లు, ఆ రోజు ఎండా చలా అన్నది కూడా కాగితం మీద రాసుకో. చల్లని గాలి దట్టంగా ఉంటుంది కాబట్టి చలికాలంలో అదే జెట్ లీన్ అవుతుంది. కొండ మీదికి వెళితే గాలి పలచబడి రిచ్ అవుతుంది. పైలట్ జెట్ మూసుకుపోతే తీగతో పొడవకు, కార్బ్ క్లీనర్ కొట్టి గాలి ఊదు, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ పనికిరాదు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆ స్ప్రే వాడకు. షెడ్డు తలుపులు మూసి ఇంజిన్ నడపకు, ఆ పొగలో ప్రాణం తీసే వాయువు ఉంటుంది.

మొదటి పరుగయ్యాక ప్లగ్‌ని పగటి వెలుతురులో ఫోటో తీసి, ఏ జెట్ వేశావో, క్లిప్ ఎన్నో గాడిలో ఉందో రాసి పంపు. చూసి తర్వాత ఏం మార్చాలో చెబుతాను.

మీ మామయ్య