జన్యు పరీక్ష తర్వాత.. ముందు ఆ మాత్రల సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 34. నాన్నగారు తాగుడు వల్లే పోయారు. అన్నయ్య మత్తుమందులకు అలవాటుపడి రెండుసార్లు డీఅడిక్షన్ సెంటర్‌లో ఉండి వచ్చాడు. నేను మందు ముట్టను. నడుం నొప్పికి డాక్టర్ రాసిన ట్రమడాల్ ఒక్కటే నాలుగు నెలలుగా వాడుతున్నాను. నిద్ర పట్టనప్పుడు అమ్మ వేసుకునే ఆల్‌ప్రజోలామ్‌లో సగం. వ్యసనం వంశపారంపర్యమా? జన్యు పరీక్షలో తెలుస్తుందా?

జవాబు: వంశపారంపర్యం కొంతవరకు నిజమే. కవలలపై జరిగిన అధ్యయనాలను బట్టి, వ్యసనానికి లోనయ్యే స్వభావంలో జన్యువుల వాటా సుమారు 40 నుంచి 60 శాతం. ఇది జనాభా మొత్తం మీద వేసిన లెక్క. మీకు వ్యసనం వచ్చే అవకాశం అంత అని అర్థం కాదు. ఇందులో ఏ ఒక్క జన్యువుదో పాత్ర కాదు, ఎన్నో కలిసి పనిచేస్తాయి. కాబట్టి ‘మీకు వస్తుంది, రాదు’ అని తేల్చే పరీక్ష లేదు. డబ్బు దండగ.

నాకు గుబులు పుట్టించింది మీరు రాసిన ‘ఒక్కటే’ అన్న మాట. ట్రమడాల్ మామూలు నొప్పి మాత్ర కాదు, ఓపియాయిడ్. అంటే నల్లమందు లాగా పనిచేసే, అలవాటుపడే ప్రమాదం ఉన్న మందు. రాసిన డాక్టర్ నాలుగు నెలలకు రాసి ఉంటారని నేననుకోను. పాత చీటీ చూపించి మళ్లీ మళ్లీ కొనడం కూడా సొంత వైద్యమేనండీ! జన్యువుల గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా: కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ ఈ మందును మరింత బలమైన రూపంలోకి మారుస్తుంది. పుట్టుకతోనే అది కొందరిలో చాలా చురుగ్గా ఉంటుంది. వాళ్లకు మామూలు మోతాదే ఎక్కువైపోతుంది. మందకొడిగా ఉన్నవాళ్లకు నొప్పి సరిగా తగ్గదు, ఇంకో మాత్ర వేసుకుంటారు. దానికి తోడు ఆల్‌ప్రజోలామ్ కూడా పడితే నిద్రలో శ్వాస మందగించి ప్రాణం మీదికి రావచ్చు. అమ్మగారి మాత్రలు అమ్మగారికే వదిలేయండి.

అలాగని ఇది చదివి ఈ రాత్రే అన్నీ ఆపేయకండి. ట్రమడాల్ ఉన్నట్టుండి మానేస్తే ఆవలింతలు, ముక్కు కారడం, చెమటలు, విరేచనాలు, ఒళ్లు నొప్పులు మొదలవుతాయి. జలుబు జ్వరమనుకుని మళ్లీ అదే మాత్ర వేసుకునేవాళ్లను చూస్తూనే ఉంటాను. ఆల్‌ప్రజోలామ్ రోజూ వేసుకుంటూ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. మోతాదు ఎలా తగ్గించాలో మిమ్మల్ని చూడకుండా నేను చెప్పలేను.

రెండు మాత్రల అట్టలూ పట్టుకుని ఈ వారంలోనే సైకియాట్రిస్టును గానీ, మొదట మందు రాసిన డాక్టర్ని గానీ కలవండి. రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంట్లో బీపీ, షుగర్ ఎవరికున్నాయో అందరూ చెబుతారు, తాగుడు సంగతి మాత్రం దాచేస్తారు. నాన్నగారి విషయం, అన్నయ్య విషయం మొదటే చెప్పండి. నడుం నొప్పి నాలుగు నెలలైనా ఎందుకు తగ్గలేదో కూడా చూడాలి కదా. దాని గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు.