పీఎఫ్ తీసి గొలుసు చేయించుకోనా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. కూకట్‌పల్లి హాస్టల్లో ఉంటూ ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. చేరి నాలుగేళ్లయింది, జీతం 28,000. వచ్చే నెల 38,000 ఇస్తామన్న చోట చేరుతున్నాను. పీఎఫ్‌లో లక్షా 30 వేలు ఉన్నాయి. తీసి గొలుసు చేయించుకోమంటోంది అమ్మ. ఇంటికి 8,000 పంపుతాను, నా పేరు మీద ఇంకేమీ లేదు. ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా బతకాలని నా కోరిక. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తీయకండమ్మా. 2011లో మొదటి ఉద్యోగం మానేసినప్పుడు నేనూ పీఎఫ్, పెన్షన్ సొమ్ము మొత్తం తీసేసుకున్నాను. నాలుగేళ్లకి 42,000 వచ్చింది. ఆ వారమే రెండు కాసుల్లో గాజులు చేయించుకున్నాను. మూడేళ్లు తిరక్కుండానే అవి తాకట్టుకి వెళ్లాయి, విడిపించుకోలేకపోయాను. అసలు నష్టం తర్వాత తెలిసింది. రెండో ఆఫీసులో తొమ్మిదేళ్లు చేశాను. పీఎఫ్ పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. పాత నాలుగూ కలిసుంటే పదమూడు అయ్యేవి. డబ్బుతోపాటు ఆ సర్వీసూ పోయిందని క్లెయిమ్ కాగితం చేతికొచ్చిన రోజున గానీ నాకు అర్థం కాలేదు.

కొత్త ఆఫీసులో మీ పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి, ఎన్ని ఉద్యోగాలు మారినా పీఎఫ్‌కి ఆ ఒక్క నంబరే ఉంటుంది. పాత ఖాతాలో ఉన్నది ఆన్‌లైన్‌లో ట్రాన్స్‌ఫర్ పెట్టండి. ఐదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. మార్చుకుంటే ఆ నాలుగేళ్లూ లెక్కలోనే ఉంటాయి. వడ్డీ రేటు ఏటా ప్రకటిస్తారు. 8 శాతం అనుకుంటే, మీరు ఒక్క రూపాయి కలపకపోయినా ఈ లక్షా 30 వేలు మీకు 51 ఏళ్లొచ్చేసరికి దాదాపు 8 లక్షల 90 వేలవుతాయి.

ఆ 38,000 చేతికొచ్చేదా, సీటీసీనా, అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చా? మొహమాటపడకుండా అడగండి. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా కలిపి చెప్పేవాళ్లున్నారు. అలాగైతే మీరనుకుంటున్న పది వేల పెంపు పది వేలు కాదు. ఆఫర్ లెటర్‌లో బేసిక్ ఎంతో చూడండి, పీఎఫ్ దాన్నిబట్టే కడతారు.

పెరిగినదాంట్లోంచి నెలకి 5,000 జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్‌కి వెళ్లిపోయేలా బ్యాంకులో చెప్పండి. మూడు నెలల హాస్టల్ ఫీజుకీ, ఇంటికి పంపేదానికీ సరిపడా జమయ్యేదాకా షేర్ల జోలికి వెళ్లొద్దు. తర్వాత ఇండెక్స్ ఫండ్‌లో, అంటే నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లన్నిట్లో కలిపి పెట్టే ఫండ్‌లో, నెలనెలా కొంత కట్టే సిప్ మొదలుపెట్టొచ్చు, అదీ పదేళ్లు కదపనక్కర్లేని డబ్బుతోనే.

అమ్మ గొలుసు అంటున్నారంటే అది మీ పెళ్లి బెంగ. ఆవిడని కసురుకోకండి. ఈసారి ఊరెళ్లినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూపించండి. నెలనెలా మీ వాటా, దాని పక్క గడిలో కంపెనీ వాటా కనిపిస్తాయి.