సందేహాలు – సమాధానాలు: ఒజ్జకు విశ్రాంతి ఉందా?

సందేహం: మా తాత ప్రాథమిక పాఠశాలలో పంతులుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత కూడా ఇంటి అరుగు మీద రాత్రిబడి నడిపారు. ఊళ్లోవాళ్ల పింఛను అర్జీలన్నీ ఆయనే రాసిపెట్టేవారు. అందరూ ‘సారు’ అనే పిలిచేవారు. ఆయన పోయి వచ్చే నెలకు ఏడాది. బడి ఆవరణలో ఒక శిలాఫలకం పెడుతున్నాం. ‘విశ్రాంత ఉపాధ్యాయులు’ అని రాయిస్తే మా మేనమామ, ‘ఆయన ఎన్నడు విశ్రాంతి తీసుకున్నడు?’ అంటున్నారు. నారాయణపేట నుంచి వచ్చిన మా వదినేమో ‘వర్ధంతి’ అన్న మాటే తప్పంటోంది. ఎవరిది సరి? ఫలకం నమూనా జతచేశాను.
– ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: ముందు మీ వదినగారి సంగతి తేల్చేద్దాం. ఆమెను తప్పు పట్టలేం. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం కూడా వినిపిస్తుంది. కన్నడంలో వర్ధంతి అంటే పుట్టినరోజు. సంస్కృత ధాతువుకు అర్థం పెరగడమే. పోయినవారికి వర్ధంతి ఏమిటని ఆమెకు అనిపించడం సహజం. తెలుగులో మాత్రం అది పోయిన రోజుకే రూఢి అయి కూర్చుంది. అశుభాన్ని శుభంగా చెప్పడం మనకు కొత్తా? దీపం ఆరిపోతే కొండెక్కింది అంటాం. నల్లపూసల తాడు తెగితే పెరిగింది అంటాం. తెగినదాన్ని ‘పెరిగింది’ అనగలిగిన జాతికి వర్ధంతి ఒక లెక్కా! ఈ పోలిక నా ఊహే, రూఢి మాత్రం ఊహ కాదు. నిశ్చింతగా వాడుకోండి. ఇంట్లో పేచీ వద్దనుకుంటే సంవత్సరీకం ఉండనే ఉంది.

ఇక మీ మేనమామగారి ప్రశ్న. ఆయన నన్ను నాకిష్టమైన వీధిలోకి లాక్కొచ్చారు, కాస్త ఓపిక పట్టండి. విశ్రాంత అంటే అలసట తీరిన అని. రిటైర్డ్ అనే మాటకు బదులుగా పత్రికలు దాన్ని అలవాటు చేశాయి. ఇప్పుడు ఎటు చూసినా విశ్రాంతులే: విశ్రాంత తహసీల్దారు, విశ్రాంత కండక్టరు. చదివినప్పుడల్లా, లేచారా ఇంకా పడుకునే ఉన్నారా అని అడగబుద్ధేస్తుంది. నిజాం కాలంలో పింఛనును వజీఫా అనేవారు. అందులో డబ్బు మాటే తప్ప నిద్ర మాట లేదు.

ఉపాధ్యాయుడంటే, దగ్గరికి చేరి ఎవరి నుంచి చదువుకుంటామో ఆయన. మనుస్మృతి మాత్రం వేదంలో ఒక భాగాన్నో వేదాంగాలనో బతుకుతెరువు కోసం చెప్పేవాడు ఉపాధ్యాయుడు అంటుంది. పదిమంది ఉపాధ్యాయులు ఒక ఆచార్యుడి పెట్టు అని కూడా తూకం వేసింది. ఆ లెక్కన జీతం ఆగిన రోజున ఉపాధ్యాయత్వమూ ఆగాలి. మీ తాతగారి అరుగు ఈ నిర్వచనంలో ఇమడదు.

ఆయనకు సరిపోయే మాట ప్రాకృతం మీదుగా మన ఇంటికి వచ్చింది. ఉపాధ్యాయ ప్రాకృతంలో ‘ఉవజ్ఝాయ’. మీ ఉమ్మడి జిల్లాలోనే ఉన్న కొలనుపాక జైన మందిరానికి వెళ్తే, అక్కడి భక్తుల నమోకార మంత్రంలో ‘ణమో ఉవజ్ఝాయాణం’ అని నేటికీ వినవచ్చు. ఆ ‘ఉవ’ ముడుచుకుని ‘ఒ’ అయింది, ‘జ్ఝ’ ఒత్తు రాల్చుకుని ‘జ్జ’ అయింది. సంధ్య సంజ అయిన దారి కూడా ఇదే. అలా మనకు ఒజ్జ దొరికాడు. ఉత్తరాదివాళ్లకు ఓఝా. మన విశ్వకర్మల ఇంటిపేర్ల చివర వచ్చే ‘ఓజు’ కూడా ఈ వంశమే అంటారు, నేనూ ఆ పక్షమే. పోతన ప్రహ్లాదుడి చేత ‘చదివించిరి నను గురువులు’ అనిపించాడు. అక్కడ ‘ననునొజ్జలు’ అన్నా కంద పద్యం కుంటేది కాదు, నాలుగు లఘువుల నలం చోట ఒక గురువు, రెండు లఘువుల భగణం పడేది, అంతే. మహాకవిని అడిగేవాడెవడు!

ఒజ్జ కన్నా నాకు ముద్దొచ్చే మాట ఒజ్జబంతి. పిల్లవాడు దిద్దుకోవడానికి ఒజ్జ ముందుగా రాసిచ్చే వరుస అది. ఇక్కడ బంతి పంక్తికి తద్భవం. పెళ్లి భోజనాల్లో ‘రెండో బంతి లేచిందా?’ అంటామే, ఆ బంతి. ఆడుకునే బంతీ పూసే బంతీ వేరు. మా సారు పలక మీద ‘అ’ రాసి ఇచ్చేవారు. నేను దాని మీదే బలపం తిప్పి తిప్పి వేలెడు లావు చేసేవాణ్ని. సాయంత్రానికి సారు రాసిన అక్షరం అడుగున ఎక్కడో ఉండేది, పైకి కనిపించేదంతా నాదే. ఇప్పటి పిల్లలకు అచ్చేసిన చుక్కలు కలపమని పుస్తకాలు ఇస్తున్నారు. ఆ చుక్కలు ఏ ఒజ్జవో ఎవరికీ తెలియదు.

మరి ఫలకం మీద ఒజ్జ అని రాయమంటానా? మనసుకైతే అలాగే ఉంది. రేపు బడిపిల్లలు అది చూసి బొజ్జకు అచ్చుతప్పు అనుకుంటే మాత్రం నన్ను అడగొద్దు. అందుకని ‘విశ్రాంత’ తీసేసి ‘ఉపాధ్యాయులు’ అని ఊరుకుంటే మీ మేనమామ శాంతిస్తారు. మనువుతో నాకున్న పేచీ నేను చూసుకుంటాను. పేరు పక్కన ‘సారు’ అని చేర్చినా నాకు అభ్యంతరం లేదు. ఇంగ్లీషు నుంచి వచ్చినా అది మన బడుల్లోనే పెరిగిన మాట.

ఇంకొకటి. మీరు పంపిన నమూనాలో రెండుచోట్ల ‘ఉపాద్యాయులు’ అని ఉంది. శిల్పి చేతికి ఇచ్చేముందు ఆ ‘ద’కు ఒత్తు పెట్టించండి. రాతి మీద దిద్దడం కుదరదు.