బీరే కదా అంటున్న తమ్ముడితో ఏం మాట్లాడాలి?

మీరు అడిగింది ఇదే కదండీ, తమ్ముడు ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్, విజయవాడ పక్కన కానూరులో ఫ్రెండ్స్‌తో రూమ్ తీసుకుని ఉంటున్నాడు, శనివారం వస్తే సిట్టింగ్ వేస్తున్నారని తెలిసింది, అడిగితే బీరే కదా అక్కా అన్నాడు. నాన్నగారు ఆదివారం వెళ్ళి నాలుగు తగిలించి చదువు మాన్పించి తెనాలి తీసుకొచ్చేస్తానంటున్నారు, అమ్మగారేమో తాగుడు మాన్పిస్తుందని ఎవరో ఇచ్చిన పొడి అన్నంలో కలుపుదామంటున్నారు.

వాడు తాగుబోతు అయిపోతాడేమోనని మీ ఇంట్లో అందరూ భయపడుతున్నారు, ఆ భయం అర్థమవుతుంది. కానీ ఈ వయసు పిల్లలకి ముందు ముప్పు ఏదో ఒక్క రాత్రే వచ్చేస్తుందండి. లెక్క తెలియకుండా తాగి పడిపోవడమో, ఆ మత్తులో బండి తీయడమో. ఆ రాత్రి పక్కనున్న కుర్రాళ్ళు ఇంట్లోవాళ్ళకి భయపడి ఫోన్ చెయ్యకపోతే ఇంకెవరూ ఏం చెయ్యలేరు. నేనిది గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా బాబాయి కొడుకు విషయంలో కళ్ళారా చూశాను.

వాడు పోరంకిలో రూమ్‌లో ఉండేవాడు, మాది పటమట. ఒక రాత్రి పన్నెండు దాటాక వాడి రూమ్మేట్ ఫోన్ చేశాడు, "అన్నా వీడు లేవట్లేదన్నా, అంకుల్‌కి మాత్రం చెప్పొద్దన్నా" అని. వెళ్ళి చూస్తే వెల్లకిలా పడుకోబెట్టారు, టీషర్ట్ అంతా నిమ్మరసం, మజ్జిగ ప్యాకెట్ కూడా నోట్లో పోశారంట, మొహం మీద నీళ్ళు కొట్టారంట. వాంతి నోటి పక్క ఎండిపోయి ఉంది, గొంతులో గరగరా శబ్దం వస్తోంది. "గురక పెడుతున్నాడు కదన్నా, నిద్రపోతున్నాడనుకున్నాం" అన్నారు పిల్లలు. కాళ్ళు చేతులు చల్లబడిపోయాయి, పిలిస్తే పలకడు, గిల్లినా కదలడు. పక్కకి తిప్పి పడుకోబెట్టి నోట్లో ఉన్నది బయటికి తీసి 108కి కొట్టాం. హాస్పిటల్లో చూస్తే షుగర్ బాగా పడిపోయి ఉంది. ఖాళీ కడుపుతో తాగితే లివర్ గ్లూకోజ్ తయారుచెయ్యడం తగ్గిపోతుందంట, డాక్టర్ చెప్పారు. బతికాడు, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆ గదిలో పిల్లలు చెడ్డవాళ్ళు కాదండి, వాడి కోసం ఏడుస్తున్నారు పాపం, కానీ మాకు ఫోన్ చేసే ముందు బాబాయికి తెలిస్తే ఏమవుతుంది, ఓనర్ రూమ్ ఖాళీ చేయిస్తాడేమో అని చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. అంతసేపు వాడు వెల్లకిలానే ఉన్నాడు.

కాబట్టి మీరు తమ్ముడితో మొదట మాట్లాడాల్సింది దీని గురించే. తాగి పడిపోయినవాడు పిలిస్తే లేవకపోయినా, ఊపిరి నిమిషానికి ఎనిమిదికంటే తగ్గినా, మధ్యలో పది సెకన్లు ఆగి ఆగి వస్తున్నా, ఒళ్ళు చల్లబడినా, పెదాలు నీలంగా అయినా, మత్తులోనే వాంతి చేసుకున్నా, ఫిట్స్ వచ్చినా ఇంక ఆలోచించకుండా 108కి చెయ్యాలి, ఈలోగా పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలకూడదు, నోట్లో ఏమీ పోయకూడదు. నిద్రపోతే దిగిపోతుందిలే అనుకుంటారు, కానీ చివరి గ్లాసు తాగినది కడుపులోంచి రక్తంలోకి ఇంకా ఎక్కుతూనే ఉంటుంది, పడుకున్నాక కూడా మత్తు పెరగొచ్చు. నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ళ స్నానం, వీటితో రక్తంలో ఆల్కహాల్ చుక్క కూడా తగ్గదు. లివర్ గంటకి సుమారు 7 నుంచి 10 గ్రాముల దాకా మాత్రమే అరిగించగలదు.

ఇప్పుడు బీరే కదా అన్న మాట. ఇక్కడ పిల్లలు కొనేది ఎక్కువగా స్ట్రాంగ్ బీరే, 650 మిల్లీలీటర్ల బాటిల్. 7 శాతం అనుకున్నా ఒక్క బాటిల్లో దాదాపు 36 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 180 మిల్లీ విస్కీ క్వార్టర్లో 60 గ్రాముల చిల్లర. అంటే రెండు స్ట్రాంగ్ బీర్లు తాగినోడు క్వార్టర్ కంటే ఎక్కువే తాగినట్టు, కానీ వాడి లెక్కలో వాడు మందు ముట్టుకోలేదు! ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి, ఇంజినీరింగ్ కుర్రాడు కాబట్టి కూడికలు కాదనలేడు. బండి సంగతి కూడా ఇందులోనే వస్తుంది, చట్టం ప్రకారం 100 మిల్లీ రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే డ్రంక్ అండ్ డ్రైవ్ కేసే, మొదటిసారే 10,000 ఫైన్ లేదా ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. ఒక స్ట్రాంగ్ బీరు గబగబా తాగితేనే మామూలు ఒళ్ళున్న కుర్రాడు ఆ గీత దాటేస్తాడు. సిట్టింగ్ అయ్యాక అర్ధరాత్రి బందరు రోడ్డు మీద టిఫిన్ కోసమని ముగ్గురు ఒక బండి ఎక్కి వెళ్తారు చూడండి, నాకు దానికంటే భయం ఇంకోటి లేదు.

మన ఆంధ్రప్రదేశ్‌లో మందు కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి, మీవాడికి ఇంకా నిండలేదన్నారు. కానీ 2024 అక్టోబర్లో ప్రైవేట్ షాపులొచ్చాక క్వార్టర్ 99 రూపాయలకే దొరుకుతోంది, బిర్యానీ కంటే చవక. ఏజ్ అడిగి వెనక్కి పంపిన షాపు నేనైతే చూడలేదు. చట్టం ఆపుతుందని కూర్చుంటే కుదరదు.

నాన్నగారి కోపం న్యాయమే, కానీ కొట్టి తీసుకొస్తే తాగడం ఆగుతుందని నేను అనుకోను, చెప్పడం ఆగుతుంది. మా బాబాయి కూడా చెయ్యెత్తాడు, పిన్ని అడ్డుపడింది. తర్వాత ఆయనే ఒక మాట అన్నాడు, "ఏ టైమ్‌లో అయినా ఫోన్ చెయ్, వచ్చి తీసుకెళ్తా, ఆ రాత్రి ఏమీ అడగను, తెల్లారాక మాట్లాడదాం" అని. వాడు ఒకసారి బెంజ్ సర్కిల్ నుంచి నిజంగానే చేశాడు, ఆయన వెళ్ళి తీసుకొచ్చాడు, ఏమీ అనలేదు. మీ నాన్నగారితో ఈ ఒక్క మాట అనిపించండి చాలు. డబ్బు విషయం మాత్రం గట్టిగానే ఉండండి, ఖర్చులకి నెల మొత్తానికి ఒకేసారి వెయ్యకుండా వారం వారం పంపండి.

ఇక అలవాటు ముదిరిందా లేదా అన్నది. శనివారం దాటి మామూలు రోజుల్లోకి వచ్చిందా, ఒక్కడే తాగుతున్నాడా, రాత్రి జరిగింది పొద్దున గుర్తుండట్లేదా, బ్యాక్‌లాగ్స్ పడుతున్నాయా, ఫ్రెండ్స్ దగ్గర అప్పులున్నాయా, ఇవి చూడండి. తాగుడు అలవాటు ఎంత ముదిరిందో చూసుకోడానికి డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళ ఆడిట్ అని పది ప్రశ్నలుంటాయి, వాణ్ణే మార్కులు వేసుకోమనండి, 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టర్‌ని కలవాల్సిందే. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు, మీరైనా చెయ్యొచ్చు. డీఅడిక్షన్, అంటే వ్యసనం మాన్పించడం కోసం విడిగా 14446 ఉంది. గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రి), విజయవాడ జీజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, సైకియాట్రీ అనగానే పిచ్చి అని కంగారుపడక్కర్లేదు. ఒకవేళ రోజూ తాగుతున్నాడని తేలితే మాత్రం గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించొద్దు, చేతులు వణకడం, ఒకట్రెండు రోజుల్లో ఫిట్స్ రావడం ఉంటుంది, డాక్టర్ చూస్తుండగా మానాలి.

ఆ పొడి సంగతి అమ్మగారికి ఈరోజే చెప్పండి. తెలియకుండా మందు మాన్పిస్తామని గోడల మీద రాసి అమ్మేవాటిలో ఏం కలుపుతారో మనకి తెలీదు. మందు మాన్పించడానికి డైసల్ఫిరామ్ అని ఒక టాబ్లెట్ ఉంది, అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, ప్రాణం మీదకి కూడా రావొచ్చు, మానేసిన రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. అందుకే డాక్టర్లు పేషెంట్‌కి అన్నీ చెప్పి, ఒప్పుకున్నాకే ఇస్తారు. తమ్ముడికి తెలియకుండా అన్నంలో కలిపి పంపితే వాడు ఆ శనివారమే తాగుతాడు. ప్యాకెట్ ఇంట్లో ఉంటే దాచేయండి, ఇప్పటికే పెట్టేసి ఉంటే తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పి, ప్యాకెట్ తీసుకెళ్ళి డాక్టర్‌కి చూపించండి.