సింబాలిక్ పొజెషన్ ఉన్న ఫ్లాట్‌ని వేలంలో పాడొచ్చా?
బ్యాంకు వేలం నోటీసులో ‘సింబాలిక్ పొజెషన్’ అని ఉంది, లోన్ పెట్టి పాడొచ్చా అని అడిగారు కదండీ. మొదటిసారి కాబట్టి నేనైతే వద్దంటాను. బ్యాంకు తలుపుకి నోటీసు అంటించింది, ఫ్లాట్ ఇంకా బ్యాంకు చేతికి రాలేదు, లోపల మనుషులు ఉండొచ్చని దానర్థం. సర్ఫేసీ చట్టం (బాకీ కట్టనివాళ్ల ఆస్తిని బ్యాంకు అమ్ముకోనిచ్చే చట్టం) 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఆర్డరుతో ఖాళీ చేయించాలి. ఈలోగా బాకీపడ్డవాళ్లు డీఆర్‌టీకి (అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కి) వెళ్తే మీ డబ్బు ఇరుక్కుంటుంది. ఫిజికల్ పొజెషన్, అంటే ఫ్లాట్ నిజంగా బ్యాంకు చేతిలో ఉన్నవే చూడండి.

లోన్ సంగతి: పాట మీకొస్తే ఈఎండీతో (పాటకి ముందు కట్టే డిపాజిట్‌తో) కలిపి పాట మొత్తంలో 25 శాతం అదే రోజు, లేదంటే మర్నాటి పనిదినానికి కట్టాలి. మిగతాది సేల్ ఖరారైన 15 రోజుల్లో. గడువు పొడిగిస్తారేమో గానీ, దాన్ని నమ్ముకోకండి. కట్టలేకపోతే కట్టింది కూడా పోతుంది. లోన్ శాంక్షన్ ముందే తెచ్చుకోండి.

ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్) ఎలాగూ తీస్తారు. మెయింటెనెన్స్ బాకీ అసోసియేషన్‌లో అడగండి. వాచ్‌మన్‌ని కదిపితే సగం చరిత్ర అక్కడే తెలుస్తుంది!