పాత ఫొటోలో ఉన్న బస్సు ఏ కాలానిదో, దాని బాడీ ఎక్కడ కట్టారో ఎలా పోల్చుకోవాలి?

తాతగారు బస్సు పక్కన నిలబడి దిగిన ఫొటో దొరికిందని, బస్సు ముందు భాగం మీద షెవ్రోలే గుర్తు ఉందని రాశారు. ఆ బస్సు అమెరికా నుంచి వచ్చిందా, ఏ కాలానిది అని అడిగారు. మా ముత్తాత బెజవాడలో బస్సు బాడీలు కట్టిన వడ్రంగి. ఆ షెడ్డు ఫొటోలు కొన్ని మా ఇంట్లో ఉన్నాయి. నాయనమ్మ వాటిని పక్కన పెట్టుకుని చెప్పిన సంగతులు, తర్వాత నేను చదివి తెలుసుకున్నవి కలిపి చెబుతాను.

ఆ బస్సులో చక్రాలు, కింది చట్రం కాక అమెరికా కంపెనీది ముక్కు నుంచి ముందు అద్దం దాకానే. అక్కడి నుంచి వెనక నిచ్చెన వరకు మనవాళ్ల చేతిపని. అప్పట్లో బస్సుకైనా లారీకైనా ఎక్కువగా చాసిస్ ఒక్కటే కొనేవారు. అంటే రెండు పొడవాటి ఇనప దూలాలు, ఇంజను, చక్రాలు, స్టీరింగ్. ఫోర్డ్ కంపెనీ టీటీ అనే ఒక టన్ను చాసిస్‌ను 1917లో తెచ్చింది. టీ మోడల్ కారుకు ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 100 అంగుళాలైతే దీనికి 124 అంగుళాలు. ఆ అదనపు రెండడుగుల వల్ల వెనక బెంచీలు పడతాయి. 1926లో ఫోర్డ్ మన దేశంలో కంపెనీ పెట్టింది. 1928లో జనరల్ మోటార్స్ బొంబాయిలోని శివ్డీలో విడిభాగాలు తెచ్చి బిగించే ఫ్యాక్టరీ తెరిచింది. కాబట్టి మీ షెవ్రోలే ఆ తర్వాతదైతే దాని చాసిస్ కూడా బొంబాయిలో బిగించినదే కావచ్చు.

మా దగ్గరున్న ఫొటోల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పూర్తయిన బస్సుది కాదు, సగం కట్టినది. పైన కప్పు లేదు, కింద పలకలు లేవు. చాసిస్ మీద అడ్డంగా పరిచిన చెక్క దూలాలు, వాటి మీద నిలువు చెక్క కమ్ములు, పైన వంపు తిరిగిన కమానులు. అచ్చం పడవను బోర్లించినట్టు ఉంటుంది. ఆ అడ్డదూలాలను చాసిస్‌కు రంధ్రాలు పొడిచి బిగించలేదు. ఇంగ్లీషు యూ అక్షరంలా వంచిన ఇనప బోల్టులతో కింద నుంచి పట్టి ఉంచారు. చాసిస్ దూలానికి ఎక్కడపడితే అక్కడ రంధ్రం పెడితే గతుకుల రోడ్డు మీద అక్కడే పగులుతుంది. బండి ఇరుసులు చేసిన చేతులకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

బాడీ చట్రానికి టేకు వాడేవారని నాయనమ్మ చెప్పేది. టేకు ఎండకు, వానకు పెద్దగా మెలి తిరగదు, మేకుల దగ్గర ఇనుమును తొందరగా తుప్పు పట్టనివ్వదు. కమ్ము కొసను చెక్కి దూలంలోని రంధ్రంలో దిగగొట్టి, మూలల్లో కమ్మరి చేసిన ఇనప పట్టీలు వేసేవారు. కదిలే బండికి అతుకు మరీ బిగుతైతే చెక్క చీలుతుంది, వదులైతే వారం తిరక్కుండా కిర్రుమంటుంది. ఆ రెంటి మధ్య ఎంత ఉండాలో మా ముత్తాత చేత్తో తట్టి చెప్పేవాడట. పైకప్పు మీద సన్నటి పలకలు పరిచి, కాన్వాసు గుడ్డ లాగి కట్టి, అవిసె నూనె కలిపిన రంగు పూతల మీద పూతలు వేసేవారు. కిటికీలకు అద్దాలు ఉండవు. వానొస్తే చుట్టిపెట్టిన కాన్వాసు తెరలు దించడమే.

ఇక కాలం పోల్చుకోవడం. మొదట చక్రాలు చూడండి. ఎడ్లబండికి ఉన్నట్టు చెక్క ఆకులు కనిపిస్తే ఎక్కువగా 1920ల చాసిస్. రేకు చక్రాలైతే దాదాపు ఆ తర్వాతివి. ఫోర్డ్ టీ రకం బండికి ముందు రేడియేటర్, అంటే ఇంజనును చల్లబరిచే జల్లెడలాంటి భాగం, ఇత్తడిదై మెరుస్తుంటే 1917కు ముందుది. ఆ ఏటి మోడల్ నుంచి నల్ల రంగు వేశారు. హెడ్‌లైట్లకు ముసుగులు తొడిగి ఉన్నా, వెనకో పక్కనో బొగ్గు గ్యాస్ డ్రమ్ము కనిపించినా అది ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఫొటో. పెట్రోలు రేషన్ వల్ల అప్పుడు బొగ్గు గ్యాస్ మీద బస్సులు నడిపారు. హైదరాబాద్ సంస్థానంలో తీసిన ఫొటోలైతే రేడియేటర్ మీద ఉదయించే సూర్యుడి గుర్తు కోసం వెతకండి. అది స్కాట్లాండ్‌లోని ఆల్బియన్ కంపెనీది. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టినప్పుడు ఆల్బియన్ బస్సులు తిరిగాయి.

ఒక జాగ్రత్త. చాసిస్ వయసు, బాడీ వయసు ఒకటి కానక్కర్లేదు. నేల పలకలు, మెట్ల దగ్గరి దూలాలు ముందుగా కుళ్లుతాయి. అప్పుడు పాత చాసిస్ మీదే కొత్త బాడీ కట్టించేవారు. అందుకని రేడియేటర్ చూసి సంవత్సరం తేల్చేయకండి. ఆ సంవత్సరం తర్వాత ఎప్పుడైనా అని అనుకోండి.

రంగు గురించి కూడా. మా ఫొటోలో నల్లగా కనిపించే బస్సు నిజానికి ఎర్రదని నాయనమ్మ గట్టిగా చెప్పేది. ఆవిడ మాట నిజమయ్యే అవకాశమే ఎక్కువ. ఆ కాలపు ఫొటో ప్లేట్లు చాలావాటికి ఎరుపు పట్టదు, నల్లగా వస్తుంది. నీలం పాలిపోయి తెల్లగా వస్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు రంగు చెబితే ఫొటోను చూసి కొట్టిపారేయకండి.

నాకు బాధనిపించే సంగతి ఒకటుంది. బస్సు పక్కన యజమాని పేరు, రూటు పెయింటరు అందంగా రాశాడు. బస్సు ముందు పంచెలు ఎగగట్టి నిలబడ్డ పనివాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. నాయనమ్మ ఉన్నప్పుడే ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నాను కాబట్టి మాకు కొందరైనా మిగిలారు. మీ తాతగారి పక్కన ఉన్నవాళ్లెవరో తెలిసిన మనిషి బతికి ఉంటే బస్సు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ ఇంటికి వెళ్లండి. పేర్లు ఫొటో మీద బాల్‌పెన్నుతో రాయొద్దు, అచ్చు పడుతుంది. కవరు మీద పెన్సిల్‌తో రాసి అందులో పెట్టండి.

ఫొటోను లామినేషన్ చేయించొద్దు, ఆ వేడికి పాడైపోతుంది. స్టూడియోలో 1200 డీపీఐలో, అంటే అంగుళానికి 1200 చుక్కల స్పష్టతతో, స్కాన్ చేయించండి. వెనక అట్టను కూడా స్కాన్ చేయించండి, స్టూడియో ముద్ర ఉంటే ఊరు దొరుకుతుంది. మెట్టు దగ్గర గానీ డ్రైవరు తలుపు దగ్గర గానీ చిన్న రేకు బిళ్ల ఉందేమో పెద్దది చేసి చూడండి. కొన్ని షెడ్లు తమ పేరు అక్కడ బిగించేవి. రేడియేటర్, ముందు చక్రం, మెట్టు, ఈ మూడు ముక్కలు విడిగా పెట్టగలిగితే చాసిస్ ఏ మోడలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.